పట్నమున విద్యార్థికి నీడ: కోత్వాలు వెంకటరామారెడ్డిగారు

ఏటేటను తొలకరితోపాటు నంద్యాల, ఆళ్లగడ్డ బస్సు నిలయములలో ఒక దృశ్యము కానవచ్చుచుండును. పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ప్రయాణసన్నద్ధుడై నిలిచియుండును. ప్రక్కన తండ్రి. చేతిసంచిలో తల్లి కట్టియిచ్చిన ఊరగాయ, వేరుసెనగల పొడి. కళాశాలలో చోటు దొరకినది. రుసుము చెల్లింపబడినది. కె.సి. కాలువ క్రింది వరిపంట డబ్బు దానికే సరిపోయినది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఈ రాత్రి మొదలు నాలుగేండ్లు పిల్లవాడు పట్నములో ఎక్కడ తలదాచుకొనును? ఏమి తినును?

ఈ ప్రశ్న చూపునకు స్వల్పము. కాని మన సీమలో ఎందరి చదువులో పరీక్షలలో ఓడి ఆగలేదు, ఈ ప్రశ్నకు సమాధానము దొరకక ఆగినవి. బుద్ధి యుండియు, మార్కులుండియు, పట్నపు అద్దెకు వెఱచి ఇంటికి మరలివచ్చినవారు ప్రతి గ్రామమునను ఒకరిద్దఱుందురు. గదికి పోదమన్న యజమాని పెండ్లికాని పిల్లలకు ఇల్లియ్యడు; ఇచ్చినను నెలల అద్దె ముందుగా చేతబెట్టుమనును. హాస్టలునకు పోదమన్న ఒక్క గదిలో నాలుగైదు మంచములు, నీళ్ల పప్పు, గాలి చొరని కిటికీ. ధర తక్కువయని దూరపు పేటలో దిగినచో పగలు సగము బస్సులలో గడచిపోవును. వడ్ల ధర దిగిన యేడు తండ్రి లెక్కవేసికొని కొడుకును ఇంటికి పిలిపించుకొనును. 2014లో రాష్ట్రము రెండైన తరువాత హైదరాబాదు మనకు పరరాష్ట్ర రాజధాని యైనను, నంద్యాలనుండి పోవు చదువుల బాట మాత్రము మారలేదు. మన పిల్లలలో అనేకులు నేటికిని కర్నూలు మీదుగా తుంగభద్ర దాటి ఆ పట్నమునకే పోవుచున్నారు.

ఈ చిక్కు నేటిది కాదు. దానిని విడదీసినవారును పూర్వము లేకపోలేదు. వారిలో అగ్రగణ్యుడు ఒక పోలీసు ఉద్యోగి యగుట విచిత్రము. హైదరాబాదు నగర కోత్వాలుగా పేరొందిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారి చరిత్రము అందుచేతనే మన తండ్రులు నేడు తెలిసికొనదగినది.

వారి కృషి విలువ తెలియుటకు అంతకు ముందున్న పద్ధతిని ఒకింత చూడవలయును. పూర్వము మన ఊళ్లలో బీద విద్యార్థి వారములు చేసికొని చదువుకొనెడివాడు. సోమవారము ఒక ఇంట, మంగళవారము మఱియొక ఇంట, ఇట్లు ఏడిండ్లు కుదుర్చుకొన్నచో ఏడాది పొడుగునను అన్నమునకు లోటు లేదు. రాత్రి పడక దేవాలయ మంటపమునందో, పుణ్యాత్ముల యింటి అరుగు మీదనో. యాత్రాస్థలములలో సత్రములును మఠములును ఉండెను. ఈ యేర్పాటు మన సంఘపు ఔదార్యమునకు గుఱుతు. ఎందఱో పండితులు, ప్లీడర్లు, వైద్యులు ఈ వారపు అన్నముతోనే పైకి వచ్చిరి.

కాని ఇందు రెండు లోపములు కలవు. మొదటిది, ఇది మిక్కిలిగా ఒకటి రెండు కులముల పిల్లలకే అక్కఱకు వచ్చెడిది. వ్యవసాయదారుని కొడుకునకుగాని, చేతిపనివాని కొడుకునకుగాని వారమిచ్చు ఇల్లు పట్టణములో దొరకుట అరుదు. రెండవది, ఇది ఒకరినొకరు ఎఱిగిన చిన్న పట్టణములలోనే సాగును. లక్షలకొలది జనముగల మహానగరములో పరాయి పిల్లవానిని వాకిట నిలిపి అన్నము పెట్టువారెవరు? అచ్చట బీద విద్యార్థికి ఎవరైన ఒక సంపన్నుని ప్రాపు దొరకవలయును. దొరకనిచో ఇంటిదారి పట్టవలయును. 1883లో కర్నూలులో జన్మించి, తరువాతి కాలమున నంద్యాలనుండి మద్రాసు శాసనమండలికి ఎన్నికైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కడు పేదరికమున పెరిగి, విద్యార్థి వేతనములతోడను దాతల సాయముతోడను మద్రాసులో ఎం.ఏ. వఱకు చదివిరి. అట్టివారు నెగ్గిరి. కాని దాత దొరకినవాడు నెగ్గుటయు, దొరకనివాడు మరలుటయు న్యాయము కాదు. ఒక్కొక్కని దయమీద ఆధారపడిన చదువు గాలిలోని దీపమువంటిది. దయ స్థానమున ఒక సంస్థ నిలువవలయును. ఈ సత్యమును గ్రహించి ఆచరణమున పెట్టినవారు వెంకటరామారెడ్డిగారు.

వారు 1869వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో జన్మించిరి. మన కర్నూలునుండి తుంగభద్రను, దానిపైని కృష్ణను దాటినచో ఆ సీమయే. భాష, పంట, ఆచారము మనకును వారికిని హెచ్చు భేదము లేదు. నది మాత్రము రెండు రాజ్యములకు సరిహద్దయి యుండెను. ఈవల ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని, ఆవల నిజాము రాజ్యము. వెంకటరామారెడ్డిగారికి తల్లి ప్రేమ ఎఱుక లేదు. పసినాడే తల్లి గతింపగా అమ్మమ్మ పెంచి పెద్దచేసెను. ఆనాటి పల్లె పిల్లవానికి దొరకిన చదువెంతయో అంతే వారికిని దొరకినది. కళాశాల గడప వారు విద్యార్థిగా త్రొక్కలేదు. పట్టములు లేవు. పదునేడేండ్లయిన నిండకముందే, 1886లో, రాయచూరు జిల్లాలోని ముద్గల్లులో పోలీసు అమీనుగా కొలువున చేరిరి. అమీను అనగా నేటి సబినస్పెక్టరు వంటి ఉద్యోగము.

అచ్చటినుండి ముప్పది నాలుగేండ్లు వారు మెట్టుమెట్టుగా పైకి వచ్చిరి. నిజాము రాజ్యము మూడు భాషల నేల: తూర్పున తెలుగు, పడమర మరాఠీ, నైఋతిని కన్నడము, వీనిపైని అధికార భాష ఉర్దూ. జిల్లాలవెంట తిరుగు పోలీసు ఉద్యోగి ప్రజల లోగుట్టు ఎఱుగనిచో నిలువజాలడు. వెంకటరామారెడ్డిగారు ఉర్దూ పారసీలను నేర్చిరి. ప్రజల భాషలను పలుకగలిగిరి. పాఠశాలలో రాని విద్య వారికి గుఱ్ఱపు జీను మీద వచ్చినది. దేశముఖులు, పటేళ్లు, రైతులు తమ నేలకు సంబంధించిన కాగితమును తామే చదువుకొనలేక, కచేరీ గుమాస్తా చెప్పినదే వేదమని వ్రేలిముద్ర వేయుచుండిన కాలమది. ఆ జిల్లాలలో జీవితము గడపిన ఉద్యోగి దీనిని చూడకుండుట అసంభవము. భూమి యుండియు అక్షరము లేనివాని భూమి ఎంతకాలము నిలుచును? ఈ ప్రశ్నయే వారిని విద్యాపోషణమునకు త్రిప్పినదని మా తలపు.

ఆనాటి హైదరాబాదు స్థితి మన పాఠకులు ఊహించుకొనవలయును. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను, ఇండ్లను హరించిపోయెను. తరువాత నగరమును తిరిగి కట్టుటకు 1912లో నగరాభివృద్ధి సంఘమేర్పడినది. కొత్త వీథులు, కొత్త మేడలు లేచెను. నాలుగు లక్షలకు మించిన జనముతో అది భారతదేశపు మహానగరములలో ఒకటి. నిజాము కళాశాల 1887నుండి మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై నడచుచుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. ఒక దేశభాషయగు ఉర్దూలో పై చదువులన్నియు బోధించుట ఆ విశ్వవిద్యాలయపు విశేషము. ఇట్లు పై చదువులన్నియు ఒక్క నగరమున కేంద్రీకృతములయ్యెను. జిల్లాలలో ఉన్నత పాఠశాలలు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. కావున తెలుగు పల్లెల పిల్లవాడు గట్టిగా చదువదలచినచో, బాల్యముననే పట్నము చేరవలసినదే.

పట్నము చేరి ఏమి చేయును? వీథిలో అతని భాష చెల్లదు. తెలుగు మాటాడుట నగరపు పెద్ద సభలలో నవ్వులపాలగుచుండిన దినములవి. 1921లో అట్టి అవమానమొకటి జరుగగా, దానినుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. బంధువుల ఇంట దిగినచో ఎన్నాళ్లు? అద్దెకు గది తీసికొన్నచో వండిపెట్టువారెవరు? పదునాలుగేండ్ల పిల్లవానిని ఆ మహానగరములో ఒంటరిగా విడుచుటకు ఏ తల్లి మనసు ఒప్పుకొనును? భూములు, బండ్లు, పాడి గల ఇండ్లలోని పిల్లలుకూడ ఈ కారణముననే చదువులేక మిగిలిపోవుచుండిరి. అనగా డబ్బు కొఱత యొక్కటియే కాదు, నమ్మకమైన నీడ కొఱతయు విద్యకు అడ్డమయ్యెను.

ఈ అడ్డమును తొలగించుటకే 1918లో రెడ్డి హాస్టలు నెలకొల్పబడినది. వెంకటరామారెడ్డిగారు దానికి ప్రాణము. ప్రభుత్వ బొక్కసమువైపు చూడక వారు సంస్థానాధీశులను, దేశముఖులను, పటేళ్లను, తోడి ఉద్యోగులను అడిగి విరాళములు కూర్చిరి. పెద్ద ఉద్యోగి యాచకుడై వచ్చినచో లేదనువాడెవడు? ఆ పలుకుబడిని తన కొఱకు వాడుకొనువారు లోకమున మెండు. దానిని పరుల బిడ్డల అన్నము కొఱకు వాడినవారు వీరు. ఆబిడ్సు సమీపమున హాస్టలు నిలిచినది. పల్లెనుండి వచ్చిన పిల్లవానికి పడక, వేళకు భోజనము, చదువుకొన దీపము, మంచి చెడ్డలు చూచు పెద్ద, తనవంటి తోడివారు, తన భాష, ఇవన్నియు ఒక్కచోట దొరకెను.

ఇట్టి గృహము చవుకగా నడచుట ఎట్లు? ఇందలి రహస్యము మన పాఠకులు గమనింపదగినది. అద్దె గదిలో విద్యార్థి చెల్లించునది మూడు పాళ్లు: ఒకటి నేలయొక్కయు కట్టడముయొక్కయు ఖరీదుపై వడ్డి, రెండవది యజమాని లాభము, మూడవది నిజమైన తిండి ఖర్చు. దాతలు నేలను, భవనమును ఇచ్చినచో మొదటి పాలు పోవును. సంఘము నడపినచో రెండవ పాలు పోవును. నూర్గురికి ఒక్క వంటయిల్లు పెట్టి, పంట దినములలో ధాన్యము గుత్తగా కొని గాదెలలో నింపుకొన్నచో మూడవ పాలును తగ్గును. మిగిలినదానిని చెల్లింపగలవాడు చెల్లించును. చెల్లింపలేనివానికి దాతల నిధి తోడ్పడును. ఇందు మాయ లేదు. నగరములో నేల ఖరీదు పెరిగినకొలది ఈ లెక్క మఱింత నిజమగును. ఏలయన నేడు విద్యార్థిని పీడించునది అన్నము ధర కాదు, నేల ధర. ముందుచూపున సంపాదించిన నేల తరతరములకు ఆ పీడను తొలగించును. 1918లో నగరము నడిబొడ్డున వేసిన పునాది 2018 నాటికి నూరేండ్లు దాటినది. ఆనాడు నేలకై ఇచ్చిన రూపాయి ఎన్ని తరములకు అద్దె తప్పించినదో లెక్కకు అందదు.

హాస్టలు స్థాపించిన రెండేండ్లకు, 1920లో, వెంకటరామారెడ్డిగారు హైదరాబాదు నగర కోత్వాలైరి. ఆసఫ్‌జాహీల పాలనలో ఆ పదవి నందిన మొదటి హిందువు వీరేయని ప్రసిద్ధి. కోత్వాలు పదవి సామాన్యమైనది కాదు. నగర శాంతిభద్రతలన్నియు ఆయన చేతిలోనివి. నిజాము ప్రభువుతో సూటిగా మాటాడు అధికారము కలది. 1922 జనవరిలో ఇంగ్లండు యువరాజు హైదరాబాదునకు వచ్చినపుడు నగరపు కట్టుదిట్టములు వీరి పాలబడినవి. హిందువులు, మహమ్మదీయులు, అరబ్బులు, సిక్కులు కలసియుండిన ఆ నగరమున వారు 1934 వఱకు, అనగా పదునాలుగేండ్లు, ఆ భారమును మోసిరి. రాజా బహదూర్ బిరుదమును పొందిరి.

ఇచట మేము ఒక విషయము దాచదలచలేదు. వెంకటరామారెడ్డిగారు స్వాతంత్ర్య యోధులు కారు. వారు రాజభక్తులు. 1921 నాటి ఫర్మానావలన ఆ రాజ్యమున అనుమతి లేనిదే రాజకీయ సభలు జరుపరాదు. ప్రజల నోరు నొక్కు ఆ శాసనమును నగరమున అమలుజరుపు హస్తము కోత్వాలుదే. దేశమంతయు మేల్కొనిన ఆ దినములలో ఆ ఉద్యోగము చేసినవారిని దేశభక్తుల వరుసలో నిలుపుట సత్యమునకు ద్రోహము. కాని ఒక మనుజుని జీవితమునందు ఉద్యోగమొకటి, ఉపకారమొకటి యుండవచ్చును. ఉద్యోగము మరణముతో ముగియును. ఉపకారమునకు ఆతడెఱుగని ఫలములు కాయును. కోత్వాలుగారి చరిత్రమున ఈ రెండవ భాగమే మిక్కిలి రసవంతమైనది.

హాస్టలు పెత్తనమును వహించుటకు వారు సురవరం ప్రతాపరెడ్డిగారిని తెచ్చిరి. 1896లో గద్వాల ప్రాంతమున జన్మించిన ఈయనకు మన కర్నూలుతో సంబంధము కలదు. ఇచ్చటనే చదువుకొని, సంస్కృత సాహిత్యమును అభ్యసించి, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టము నందిరి. పరాయి పట్నములో విద్యార్థి పాట్లు ఎట్టివో స్వయముగా ఎఱిగినవారు. వారి చేతిలో ఆ గృహము వట్టి భోజనశాలగా మిగులలేదు. పుస్తకములు చేరినవి, తెలుగు పత్రికలు వచ్చినవి, ప్రసంగములు జరిగినవి. ఉర్దూ బడులలో పగలెల్ల గడపిన పిల్లవాడు సాయంకాలము తన తల్లిభాషలో చదువుకొనుటకు ఒక చోటు దొరకినది. 1926లో ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను నెలకొల్పిరి. తెలంగాణములో కవులు లేరని ఒకరు తీసిపాఱవేయగా, 1934లో మూడువందల ఏబదినలుగురు కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించి ఋజువు చూపిరి. 1930లో జోగిపేటలో జరిగిన నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ మొదటి సమావేశమునకు అధ్యక్షత వహించిరి. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును మొట్టమొదట పొందిన తెలుగు గ్రంథము. ఇట్టివానిని పిల్లల పెద్దగా ఎన్నుకొన్నది కోత్వాలు. వెంకటరామారెడ్డిగారు జీవించియుండగనే వారి జీవితచరిత్రమును వ్రాసినవారును ప్రతాపరెడ్డిగారే.

ఇక ఆ గృహమున నివసించినవారి సంగతి. నల్లగొండ జిల్లా బొల్లేపల్లిలో 1908లో జన్మించిన రావి నారాయణరెడ్డిగారు ఆ హాస్టలులో నుండి చదువుకొన్నవారు. 1930లో వారు చదువు విడిచి కాకినాడకు పోయి ఉప్పు సత్యాగ్రహమున పాల్గొనిరి. తరువాత హరిజన సేవలో దిగి, ఏ గడపయు ఎక్కనీయని బాలురకు వసతిగృహములు నడపిరి. ఆంధ్ర మహాసభను రైతు కూలీల సభగా మార్చి, నిజాము రాజ్యముపై తెలంగాణ పోరాటమునకు నాయకులైరి. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి పార్లమెంటునకు నెహ్రూగారికంటె ఎక్కువ వోట్లతో గెలిచిరి. నిజాము కోత్వాలు అన్నముపెట్టి చదివించిన విద్యార్థి నిజాము సింహాసనమును కదలించెను! కోత్వాలు దీనిని కోరలేదు. కాని పిల్లలకు చదువును, తోటివారిని, తీరికను, తల్లిభాషను ఒక్కచోట కూర్చినచో వారి తలలలో ఏమి పుట్టవలయునో నిర్ణయించుట ఎవ్వరి తరమును కాదు.

ఇట్టిది మఱియొకచోటను జరిగినది. లండను నగరమున భారత విద్యార్థులకు గదులిచ్చువారు అరుదుగానుండిన కాలమున, 1905 జూలై 1వ తేదీన, శ్యాంజీ కృష్ణవర్మగారు హైగేటు పేటలో ఇండియా హౌసు అను వసతిగృహమును తెఱచిరి. ఇరువదియైదుగురు విద్యార్థులుండదగిన ఇల్లది. అయిదేండ్లలో దానిని మూతపడజేయువఱకు బ్రిటిషు ప్రభుత్వమునకు నిద్రపట్టలేదు. సావర్కరు మొదలగువారు అచ్చట నివసించిరి. ఎవరి గడప త్రొక్కినను తిరస్కారమే ఎదురగు నగరమున తమవారి పైకప్పు క్రింద నాలుగు దినములుండిన విద్యార్థికి తాను దిక్కులేనివాడను కానను ధైర్యము కలుగును. ఆ ధైర్యమే సగము విద్య.

గుణము చెప్పినపుడు దోషమును చెప్పవలయును. కోత్వాలుగారి గృహము ఒక కులము పేర వెలసినది. ఆ కాలమున కులమునకు కులము తన పిల్లల కొఱకు పాటుపడుటయే సులభమైన మార్గము. విరాళములు ఆ పేరనే రాలెడివి. తరువాత హైదరాబాదులో వైశ్య హాస్టలు, మున్నూరుకాపు హాస్టలు, గౌడ హాస్టలు మొదలగునవి ఒక్కొక్కటిగా వెలసెను. దేశమున ఇతర చోట్లను ఇట్లే జరిగినది. కొల్హాపురపు శాహూ మహారాజుగారు 1901నుండి పలు కులములకు, మతములకు వేర్వేరు విద్యార్థి గృహములు కట్టించి ఆ నగరమునకు పేరు తెచ్చిరి. వేల పిల్లలు బాగుపడిరి, సందేహము లేదు. కాని పలుకుబడిగల కులమునకు మేడయు, బలములేని కులమునకు పాకయు, కొన్నిటికి అదియు లేకయు మిగిలినవి. ఒక్క పంక్తిని కూర్చుండి తినవలసిన వయసున పిల్లలు వేర్వేరు గోడలలో పెరిగిరి. ఈ లోపమును గ్రహించి మహారాష్ట్రమున భావురావు పాటిల్ గారు 1924లో సతారాలో సకల కులముల బాలురు కలసి వండుకొని, కలసి తిని, కలసి పనిచేయు గృహమును నెలకొల్పిరి. 1927లో గాంధీ మహాత్ముడు దానిని దర్శించి శాహూ మహారాజు పేర ప్రారంభోత్సవము జరిపెను. కోత్వాలుగారి కార్యదీక్షకు భావురావుగారి సమదృష్టి తోడైనచో సంస్థ పరిపూర్ణమగును.

బాలికల విషయమున మాత్రము వెంకటరామారెడ్డిగారు కాలమునకు ముందే నడచిరి. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదున తెలుగు బాలికల కొఱకు పాఠశాల నెలకొల్పినపుడు ప్రభుత్వమున వారి ఉద్దేశమును శంకించువారు లేకపోలేదు. అట్టి వేళ కోత్వాలు అండగా నిలుచుట ఎంతటి బలమో ఊహింపవచ్చును. ఆడపిల్లను పట్నమునకు పంపుటకు తండ్రులు జంకుటకు మొదటి కారణము నీడయే, చదువు తరువాతిది. ఈ మాట నేటికిని నిజము. వారి పేర నారాయణగూడలో 1954లో వెలసిన మహిళా కళాశాల ఆ శ్రద్ధకు తగిన స్మారకము.

1934లో కోత్వాలు పదవి విడిచిన పిదపను నిజాము ప్రభువు వారిని విడువక తన సొంత ఆస్తియగు సర్ఫెఖాసు వ్యవహారములకు నియమించెను. వారు 1948లో ఆ రాజ్యము అంతరించుటను చూచిరి. 1952లో ప్రజలు తమ వోట్లతో ప్రభుత్వము నెన్నుకొనుటను చూచిరి. తమ హాస్టలును నడపిన ప్రతాపరెడ్డిగారు ఆ యెన్నికలలో తమ సొంత సీమయగు వనపర్తినుండి శాసనసభ్యులగుటను చూచిరి. 1953 జనవరి 25వ తేదీన, ఎనుబది నాలుగవ యేట, వారు కాలధర్మము నొందిరి. అదే సంవత్సరము ఆగస్టులో ప్రతాపరెడ్డిగారును గతించిరి. తెలంగాణ రాష్ట్రపు పోలీసు శిక్షణాలయము నేడు వెంకటరామారెడ్డిగారి పేరు వహించినది. ఉద్యోగులు వారిని కోత్వాలుగా స్మరింతురుగాక. మన తండ్రులు వారిని అన్నదాతగా స్మరింపవలయును.

ఇక మన సంగతి. నంద్యాలలోనే 1928 నవంబరులో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భమున మన సీమకు రాయలసీమ యను పేరు వచ్చినది. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో మనవారు మొదట అడిగిన వానిలో ఒకటి అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము. దూరపు పట్నమునకు పిల్లలను పంపజాలని బాధయే ఆ కోరికకు మూలము. ఆ విశ్వవిద్యాలయము 1981లో వచ్చినది. కర్నూలునకు 2008లో మఱియొకటి వచ్చినది. 2022 ఏప్రిలు 4వ తేదీన నంద్యాల తానే జిల్లా కేంద్రమైనది. అయినను పెద్ద చదువులు, పెద్ద శిక్షణలు, పెద్ద కొలువులు పెద్ద నగరములలోనే యున్నవి. మన పిల్లలు పోవుచునే యుందురు. వారు పోకూడదని మేము చెప్పము. పోయినచోట వారికి నీడ కల్పింపవలసినది మనము.

నంద్యాల జిల్లా పేర హైదరాబాదున ఒక విద్యార్థి గృహము, బెంగుళూరున ఒకటి, ఎందుకు ఉండకూడదు? అహోబిలమునకు, మహానందికి పోవు యాత్రికుల కొఱకు సత్రములు కట్టించిన సీమ ఇది. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహములు దూరదేశములకు పోవుచున్నవి. ఆ శిల్పుల బిడ్డలకు నగరమున ఒక గది లేకపోవుట మనకు గౌరవము కాదు. పెండ్లిండ్లకు పందిళ్లు వేసి ఒక్క పూటలో కరగించు సొమ్ములో పదియవ వంతు చాలును. పండించు చేతులు మనవి. ఏటేట పంటలో కొన్ని బస్తాలు ఆ గృహమునకు వేసినచో వంటయిల్లు నడచును. పట్నమున స్థిరపడిన మనవారు పెత్తనము వహింపవచ్చును. లెక్కలు ఏటేట బహిరంగముగా ప్రకటింపవలయును. గుట్టున నడచిన ధర్మము గుట్టుననే చచ్చును. ఆ గడప మీద ఏ కులము పేరును వ్రాయరాదు. నంద్యాల మట్టి పేరు ఒక్కటి చాలును. చెల్లింపగలవాడు చెల్లించుగాక, చెల్లింపలేనివాని పిల్లవాడు తలవంచుకొనకుండుగాక. బాలికలకు వేఱుగా, బాలురకంటె ముందుగా, కట్టవలయును.

చదువు లేని అమీను ఒకడు చదువుకొను పిల్లల కొఱకు ఇల్లు కట్టెను. మనలో చదువుకొన్నవారు, భూమి గలవారు, వ్యాపారము గలవారు వందలు వేలు ఉన్నారు. వచ్చు తొలకరికి ఆళ్లగడ్డ బస్సు నిలయమున నిలుచు తండ్రి తన కొడుకు చేతిలో ఒక చీటి పెట్టి, నాయనా, పట్నమున దిగగానే ఈ ఇంటికి పొమ్ము, అది మనదేయని చెప్పగల దినము రావలయును. ఆ దినమును తెచ్చుట దైవము పని కాదు. మన పని.